ఫర్వాలేదన్న కూర

నా భార్య ఒక వంటవాడి కూర తిని కళ్లు మూసుకున్న రోజు నుంచి నాకు ఆ మనిషంటే పడలేదు. ఇందులో దాచడానికేమీ లేదు. పదకొండేళ్ల కాపురంలో నా పప్పుచారుకు గానీ, నా గుత్తివంకాయకు గానీ, చివరికి మా అమ్మ దగ్గర నేర్చుకున్న ఎండుచేపల టమాటాకు గానీ ఆవిడ కళ్లు మూసుకోలేదు. "బాగుంది" అనేది. పంపులో నీళ్లు వస్తున్నాయని చెప్పేటప్పుడు కూడా అదే గొంతు.

ఆవిడ తిండి మీద పరిశోధన చేస్తుంది. హాంబర్గ్‌లో యూనివర్సిటీ ఉద్యోగం. ఈ ఊళ్లో క్రియోల్ భోజనం ఎక్కడెక్కడ దొరుకుతుంది, పొద్దుపోయాక ఆ జనం ఎక్కడ చేరి ఆడిపాడతారు అని ఒక గైడు రాస్తోంది. ఆఫ్రికా వాళ్లు, ఫ్రెంచి వాళ్లు, మనవాళ్లు సముద్రం మధ్య దీవుల్లో ఒకే పొయ్యి దగ్గర చేరితే పుట్టిన వంట అది. రేవు పట్టణం కాబట్టి ఓడలతో పాటు ఇక్కడా దిగింది. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ని, కానీ ఇంట్లో వంట నాదే. పెళ్లిచూపుల్లోనే ఆవిడ తనకు వంట రాదని తేల్చి చెప్పింది. తిండి గురించి అంత చదివిన మనిషికి అన్నం వార్చడం రాదా అని అప్పట్లో నవ్వుకున్నాను.

ఆ వంటవాడిది మారిషస్. రేవు పక్క వీధిలో ఎనిమిది బల్లల హోటలు. శనివారాలు బల్లలన్నీ గోడకు జరిపి డప్పు అందుకునేవాడు. జనం చెప్పులు విడిచి ఆడేవారు. నా భార్య కూడా ఆడేది. "రాయాలంటే తెలుసుకోవద్దూ?" అనేది. నేను ఆవిడ కోటు పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడేవాణ్ని. ఒకసారి అతను తన తాతమ్మ మన కోస్తా నుంచే ఓడెక్కిందని చెప్పాడు. ఇంటికొచ్చే రైల్లో దారి పొడుగునా ఆవిడ నోట అదే మాట. "చూశారా, మనవాళ్లేనండీ!"

నాకా సంతోషం ఏ కోశానా లేదు. పొరుగింటి పుల్లకూర రుచి అని సరిపెట్టుకోవచ్చు. ఆ పొరుగువాడు చుట్టం కూడా అయితే ఎలా?

అంతలో కరోనా వచ్చింది. హోటళ్లు మూసేశారు, ఆటపాటలు ఆగిపోయాయి. ఊరంతా దిగులు పడుతుంటే నేను లోపల్లోపల సంబరపడ్డాను. ఇక మూడు పూటలా నా వంటే తినాలి కదా! కానీ అతను నెల తిరక్కుండానే కిటికీలోంచి డబ్బాలు అందించడం మొదలుపెట్టాడు. ఆవిడ మాస్కు కట్టుకుని వెళ్లేది. జనం దూరదూరంగా గీతల మీద నిలబడి, చేతుల్లో డబ్బాల మూతల మీద వేళ్లతో తాళం వేస్తున్నారట. తన పుస్తకంలో రాత్రుల అధ్యాయం కింద అదే రాసింది.

ఆ చలికాలంలో ఒక మధ్యాహ్నం నేను ఎండుచేపలు వేయిస్తున్నాను. పక్కింటి జర్మన్ ముసలావిడ తలుపు కొట్టి, ముక్కు పట్టుకుని, కిటికీ తెరవమని చేత్తో చూపించి వెళ్లింది. నా భార్య వంటింటి గడపలో నిలబడి అడిగింది: "ఏం వండుతున్నారు?"

టెస్ట్ చేయిస్తే ఆవిడకు పాజిటివ్. నాకు అంటలేదు. ఆవిడకు జ్వరం నాలుగు రోజుల్లో తగ్గింది గానీ వాసన, రుచి పూర్తిగా పోయాయి. పుస్తకం పది రోజుల్లో ప్రచురణకర్తకు పంపాలి. ఒక్క వంటకం మిగిలింది. ఆ పుస్తకం కోసమే చేసి పంపుతానని అతను ఎప్పటి నుంచో చెబుతున్నాడు. ఇంట్లోనే ఉన్నామని తెలిసి తనే తెచ్చి గుమ్మంలో పెట్టి, బెల్లు కొట్టి, కిందికి దిగి వీధిలోంచి చెయ్యి ఊపాడు. కిటికీలోంచి ఆవిడ రెండు చేతులూ ఊపింది.

డబ్బా తెరిస్తే రుగాయ్. అంటే ఎండుచేపల టమాటా. నా కూరే!

"ఈసారికి మీరే నా నాలుక," అంది ఆవిడ. మాస్కు కట్టుకుని, గదికి ఆ చివర నోటుబుక్కుతో కూర్చుంది. "మీరేం చెబితే అది రాస్తాను. నిదానంగా తినండి."

నేను అన్నంలో కలుపుకున్నాను. మొదటి ముద్దకే నాకు తెలిసిపోయింది. నా కూర దీని కాలి గోటికి సరిపోదు. కడుపులో మంట లేచింది, అది మిరపకాయ మంట కాదు.

"ఫర్వాలేదు," అన్నాను.

"అంటే?"

"మామూలుగా ఉంది. మన కూరే, ఏదో ఆకు వేశాడు."

"వాసన ఎలా ఉంది?"

"పెద్దగా ఏం లేదు."

వాసన తెలియని మనిషితో వాసన లేదని చెప్పాను. ఆవిడ తల ఊపి రాసుకుంది. ఆ పూట నాకు ఆవిడ ముఖంలోకి చూడబుద్ధి కాలేదు.

వసంతం వచ్చేసరికి అతను హోటలు ఎత్తేసి వాళ్ల దీవికి వెళ్లిపోయాడు. ఆవిడకు వాసన తిరిగొచ్చింది ఎండాకాలంలో. ముందు కాఫీ తెలిసింది, తర్వాత ఇంగువ. ఇంగువ తెలిసిన రోజు పిల్లలా గంతులేసింది. మరుక్షణమే, "ఆ రుగాయ్ ఇప్పుడు తిని ఉంటేనా!" అని కూలబడింది. నేను కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను.

పుస్తకం అచ్చయి వచ్చింది. నేను దొంగచాటుగా ఆ పేజీ తీశాను. అక్కడ ఇలా ఉంది: "ఈ వంటకం వచ్చిన నాడు నాకు రుచి తెలియదు. మా ఇంటి వంట మనిషి తిని, ఫర్వాలేదన్నారు. మారు అన్నం పెట్టుకున్నారు. డబ్బా అంచుకు అంటినది చూపుడువేలితో తీసుకుని తిన్నారు. ఆయన నోటి కన్నా చేతి మీదే నాకు నమ్మకం. తప్పక తినండి."

దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. ఎప్పుడొచ్చిందో, ఆవిడ నా వెనకాలే నిలబడి ఉంది.

"అప్పుడే తెలిస్తే అడగలేదేం?" అన్నాను.

"అడిగితే ఒప్పుకునేవారా? కుళ్లు ముఖాన కనబడుతూనే ఉంది." కోపంగా లేదు. అదే నాకు ఇంకా కష్టంగా ఉంది. వచ్చి ఎదురుగా కూర్చుంది. "తప్పక తినండని రాశాను. ఎక్కడికెళ్లి తింటారు? అతను లేడు, హోటలు లేదు. ఈ ఊళ్లో దాని రుచి తెలిసినవాళ్లలో నాకు అందేది మీరొక్కరే. ఇప్పుడైనా నిజం చెప్పండి. ఎలా ఉంది?"

ఏదైనా సాకు చెబుదామని చూశాను. ఆవిడ అడుగుతున్న తీరు చూసి, పుస్తకం మూసి పక్కన పెట్టాను.

"ముందు వాములాంటి వాసన," అన్నాను. "ఆ ఆకుదే. చేప మొదట తెలియదు. టమాటా పులుపు నాలుక మీద పరుచుకున్నాక, అప్పుడు నెమ్మదిగా ఉప్పగా తగులుతుంది. ముక్క నమలక్కర్లేదు, విడిపోతుంది. మంట చివర్లో వస్తుంది. వచ్చాక ఇంకో ముద్ద అడుగుతుంది."

ఆవిడ కళ్లు మూసుకుంది. నేను ఆపకుండా అతని కూర గురించి చెబుతూనే ఉన్నాను.