రెండు చేతుల నమస్కారం

మాది చల్లపల్లి. నేను స్కూల్ టీచర్ని. మా వైపు చూద్దామన్నా కొండ ఉండదు, నాకేమో కొండలెక్కే పిచ్చి. జోడీ కోసం రెండేళ్ళు వెతికితే బందరులో రోల్డ్‌గోల్డ్ నగలు చేసే కరీం దొరికాడు. ఎక్కేముందు నా తాడు ముడి రెండుసార్లు లాగి చూసేవాడు. చాదస్తం అనుకునేవాణ్ణి.

ఒకరు బండ పగుళ్ళలో చిన్న లోహపు ముక్కలు బిగించి, నడుముకి కట్టుకున్న తాడు వాటికి తగిలిస్తూ ఎక్కాలి. కింద ఉన్నవాడు ఆ తాడు వదలకూడదు.

ఆ ఆదివారం బెజవాడ దగ్గరి కొండ మీద కరీం పైకి ఎక్కుతున్నాడు. వెనకనుంచి, "నమస్కారం మాస్టారూ!" అని వినిపించింది. మా విద్యార్థి తండ్రి. అలవాటు కొద్దీ తాడు వదిలి రెండు చేతులూ జోడించాను. సరిగ్గా అప్పుడే కరీం కాలు జారింది. సర్రున పోతున్న తాడును అరచేతులు కాలిపోతున్నా పట్టుకున్నాను. నేలకి మూరెడు ఎత్తులో ఆగాడు.

తనే నా చేతులకు గుడ్డ చుట్టి, "మీరు మంచివారండీ మాస్టారూ. మా ఇంటికి భోజనానికి రండి. కొండకి మాత్రం ఇంక పిలవకండి" అన్నాడు.

అలాంటి జోడీ మళ్ళీ దొరకలేదు. ఇప్పుడు ఎవరు నమస్కారం పెట్టినా నా చేతులు లేవవు, తల ఊపి ఊరుకుంటాను. మాస్టారికి గర్వం పెరిగిందని ఊళ్ళో అనుకుంటున్నారట.