దశరథం కొడుకు తూకం

కరీంనగర్ బజారులో దశరథానిది కిరాణా దుకాణం. తూకంలో జనాన్ని ముంచడం తప్ప ఆయన నేర్చిన విద్య ఇంకొకటి లేదు. లేక లేక పుట్టిన కొడుకు లింగమూర్తిని ఏటేటా వేములవాడ రాజన్న దగ్గర బెల్లంతో తూస్తానని మొక్కుకున్నాడు. మొక్కు మంచిదే. మొక్కుకున్న మనిషే దరిద్రుడు.

రజాకార్ల గొడవ సద్దుమణిగిన కొత్తల్లో ఆ బజారులో బొద్దు పిల్లవాడు కాగడా పెట్టి వెతికినా దొరికేవాడు కాదు. "మావోడు పోయినేటికంటె ఎక్కువ తూగిండు" అని దశరథం ఏడాదికోసారి చాటింపు వేస్తుంటే పక్క దుకాణాల వాళ్లకు రోషం పుట్టింది. వాళ్లూ మొక్కారు, వాళ్లూ మేపారు. పదేళ్లు తిరిగేసరికి ప్రతి గల్లాపెట్టె పక్కనా ఒక లావుపాటి పిల్లవాడు దూద్‌పేడా చప్పరిస్తూ తయారయ్యాడు. వెనక వాడలో నేతవాళ్ల పిల్లలకు జొన్న గటక కూడా చాలేది కాదు. అది ఈ మహానుభావుల కంటికి ఆనలేదు.

లింగమూర్తి బడికి పోయే దారిలోనే ఆయాసంతో కూలబడేవాడు. తోటివాళ్లు చిర్రగోనె ఆడుతుంటే అరుగు మీద కూర్చుని చూసేవాడు. గుండె మీద భారం పడుతోంది, తిండి తగ్గించకపోతే పిల్లవాడు దక్కడని డాక్టరు చెప్పాడు.

"తగ్గిస్తే తూకం తగ్గదా సారూ? బజార్ల నా ఇజ్జత్ ఏం గావాలె?" అన్నాడు దశరథం. వీణ్ని తండ్రి అనడానికి నాకు నోరు రాదు.

తల్లి బాలలక్ష్మి మొగుడికి చెప్పకుండా నెయ్యి మాన్పించి జొన్నరొట్టె పెట్టింది. కొన్నాళ్లకు పిల్లవాడు చిర్రగోనె ఆటలో పడ్డాడు.

వేములవాడ బయల్దేరే పొద్దున కొడుకు లాగు జారిపోవడం దశరథం కంటపడింది. దుకాణంలోకి పరుగెత్తి, ఇనుప తూకపు రాళ్లు తెచ్చి, పిల్లవాడి నడుముకు దట్టీతో బిగించి, పైన పట్టుపంచె చుట్టాడు. జన్మంతా తక్కువ తూచినవాడు దేవుడికి మాత్రం ఎక్కువ తూచబోయాడు, అదీ పరువు కోసం.

రాజన్న గుడి దగ్గర తక్కెడలో బెల్లం పోయినేటి తూకాన్ని దాటింది. దశరథం మీసం దువ్వాడు. పిల్లవాడు తక్కెడ దిగబోయేసరికి దట్టీ ఊడి రాళ్లు బండల మీద పడ్డాయి. వెంట వచ్చిన బజారంతా పగలబడి నవ్వింది. దశరథం కొడుకును వదిలేసి ముందు రాళ్లు ఏరుకున్నాడు.

"బాపూ, వచ్చే ఏడు గూడ రాళ్లే కట్టు. నన్ను తినుమనకు" అన్నాడు లింగమూర్తి.

ఆ మాటకు పెద్దలు ఇంకా నవ్వారు. వాళ్ల పక్కన నిలబడ్డ పిల్లలు ఒక్కరూ నవ్వలేదు.