మూతబడ్డ ఎయిర్‌బేస్ వంటగదిలో అరవైమందికి అన్నం

ఎనభైల మొదట్లో డెట్రాయిట్ చుట్టుపక్కల తెలుగు క్రైస్తవ కుటుంబాలు పట్టుమని పదిహేను కూడా లేవు. ట్రాయ్‌లో ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో ఆదివారం సాయంత్రాలు ఆరాధన చేసుకునేవాళ్ళం. ఏటా ఆగస్టులో మూడు రోజుల ప్రార్థన కూటాలు పెడితే చికాగో నుంచి, ఒహాయో నుంచి కూడా మనవాళ్ళు పిల్లాపాపలతో వచ్చేవారు. ఒక ఏడు అద్దెకు తీసుకున్న క్యాంపులో మా తిరగమోత పొగకి ఫైర్ అలారం మోగింది. ఫైరింజన్ వచ్చి వెళ్ళేదాకా వందమందిమీ బయట గడ్డిలో నిలబడ్డాం. మళ్ళీ రావద్దని క్యాంపువాళ్ళు మర్యాదగానే చెప్పారు. మూడు రోజులూ పిజ్జా తెప్పించుకుందామన్న మహానుభావులూ ఉన్నారు గానీ, పిజ్జా తిని ఉజ్జీవం పొందడం నా వల్ల కాదు. వంటగది దొరక్కపోతే మరుసటి ఏడు కూటాలే లేవు.

అప్పుడే, నేను నర్సుగా పనిచేసే వార్డులో ఒక ముసలాయన చెప్పాడు, ఉత్తరాన మాకినా వంతెన అవతల మూతబడ్డ ఎయిర్‌ఫోర్స్ బేస్ ఒకటుందని, అక్కడి భోజనశాల ఖాళీగా పడి ఉందని. ఫోన్ చేస్తే డాట్ అనే ఆవిడ ఎత్తింది. బేస్ ఇళ్ళు కొనుక్కుని ఉంటున్నవాళ్ళ తరఫున ఆ హాలు చూసుకునేది ఆవిడే. “జూన్ మొదటి శనివారం ఇక్కడివాళ్ళం అరవైమందిమి కలిసి ఒంటిగంటకి భోంచేస్తాం. ఆ రోజు మీరొచ్చి వండండి. మావాళ్ళకి నచ్చితే ఆగస్టులో హాలు మీదే” అంది. నేను వెంటనే ఒప్పేసుకున్నాను. ఒప్పుకున్నాక కంగారుపడ్డాను.

తెల్లవారి అయిదింటికి స్టేషన్ వ్యాగన్‌లో బయలుదేరాం. డ్రైవింగ్ మా ఆయన ప్రభాకర్, ఆటో కంపెనీలో ఇంజినీరు. వెనకసీట్లో మసాలాల డబ్బా ఒళ్ళో పెట్టుకుని రూతమ్మ గారు. నర్సాపురం వైపు కూటాల్లో అయిదారు వందలమందికి వండి వడ్డించిన మనిషి ఆవిడ. ఐ-75 హైవే మీద ఉత్తరంగా పోవడమే, ఎక్కడా తిరగక్కర్లేదు. అప్పట్లో వేగం గంటకి యాభై అయిదు మైళ్ళు దాటకూడదు కాబట్టి ఆరు గంటలు పట్టింది. గ్రేలింగ్‌లో పెట్రోలు పోయించుకుని కాఫీ తాగాం. వంతెనకి టోలు ఒకటిన్నర డాలరు. కింద నీళ్ళు చూసి రూతమ్మ గారు కళ్ళు మూసుకుని, వంతెన దాటేదాకా ప్రార్థన చేస్తూనే ఉన్నారు.

పదకొండుకి చేరాం. ఒకే అచ్చులో పోసినట్టు వరసగా ఇళ్ళు, వాకిళ్ళలో పిల్లల సైకిళ్ళు. సైనికుల బరాకులు కొన్ని జైలుగా మారాయి, రన్‌వే మీద చిన్న విమానాలు దిగుతున్నాయి. డాట్ భర్త ఎయిర్‌ఫోర్స్‌లో మెకానిక్‌గా చేసినవాడు, అతనితో దేశాలు తిరిగిందావిడ. “మొరాకోలో మేం కాపురమున్న బేస్ ఇప్పుడు ఎయిర్‌పోర్టట. మా వంటిల్లు ఏమైందో తెలీదు. ఇదైనా ఖాళీగా ఉండకూడదని నా తాపత్రయం” అంది తలుపు తెరుస్తూ.

ఆ వంటగది చూసి నాకు ఆశ పుట్టింది. పొయ్యిల మీద గది వెడల్పంతా పొగ లాగే గొట్టం. ఓ మూల ఆవిరితో కాగే నడుమెత్తు స్టీలు కాగు. రూతమ్మ గారు కోడికూర ఒక పొయ్యి మీద, పప్పుచారు ఇంకో పొయ్యి మీద ఎక్కించి, కాగులో ధారాళంగా ఎసరు పోసి బియ్యం వేశారు. పన్నెండుంబావుకి మెతుకు నలిపి చూసి, “ప్రభాకరూ, ఇటొచ్చి పట్టు బాబూ, వార్చేయాలి” అన్నారు.

మా ఆయన రెండు తువ్వాళ్ళు చుట్టి లాగాడు. కాగు కదల్లేదు.

“అది నేలకి బోల్టులేసి బిగించింది. బాంబు పడ్డా కదలదు” అంది డాట్. “మా వంటవాళ్ళు నీళ్ళు కొలిచి పోసేవాళ్ళు.”

వార్చే అన్నానికి నీళ్ళు కొలిచేదెవరు? పావుగంట ఆగితే అంతా జావ. ఆగస్టు కూటాలన్నీ ఆ కాగులో ఉడుకుతున్నాయి. అడుగున కుళాయి ఉంది గానీ, దాని లోపలి జల్లెడ ఎవరో పట్టుకుపోయారట. తిప్పితే అన్నం కూడా వచ్చేస్తుంది. మా ఆయన కాగితం మీద ఏదో బొమ్మ గీయడం మొదలుపెట్టాడు.

“బొమ్మలు తర్వాత, ముందా బెల్టు ఇవ్వయ్యా” అన్నారు రూతమ్మ గారు. అన్నం మీద కప్పడానికి తెచ్చిన కొత్త మల్లుగుడ్డ నాలుగు మడతలేసి కుళాయి మూతికి తొడిగి, బెల్టుతో బిగించారు. “ఆవిరి కట్టేయమ్మా. ఇంక తిప్పు, మెల్లగా.”

తిప్పాను. చిక్కటి గంజి గుడ్డలోంచి కారి నేలమీది తూములోకి పోయింది. ఒక్క మెతుకు జారలేదు. పదిహేనేళ్ళ ఇంజినీరింగులో ఆ పూట పనికొచ్చింది ఆ బెల్టొక్కటే. రూతమ్మ గారు ఒక చెంబు గంజి పట్టి, ఉప్పేసి డాట్‌కిస్తే, ఆవిడ నిలబడే సగం తాగేసింది.

సరిగ్గా ఒంటిగంటకి వడ్డించాం. పొడిపొడిగా అన్నం, నూనె తేలిన కూర. కారానికి ముక్కులు తుడుచుకుంటూనే మళ్ళీ పెట్టించుకున్నారు. కాగు అడుగు గీకాల్సి వచ్చింది. అప్పుడు డాట్ లేచి, “వీళ్ళు ఆగస్టులో వస్తామంటున్నారు. ఏమంటారు?” అని అడిగింది. హాలంతా చేతులు లేచాయి. నేను ఏడ్చేశాను, చెప్పుకోడానికి సిగ్గేమీ లేదు. రూతమ్మ గారు మాత్రం, “ఏడుపు ఇంటికెళ్ళాక. ఆగస్టుకి బియ్యం ఎంత కావాలో రాయి అమ్మాయ్” అన్నారు.

ఎనిమిది వేసవులు అక్కడికే వెళ్ళాం. యుద్ధం వస్తే సైనికులకి వండాలని కట్టిన ఆ వంటగదిలో మా పిల్లలు వరసలో నిలబడి పప్పన్నం పెట్టించుకున్నారు. వాళ్ళలో కొందరు అక్కడే మొదటిసారి తెలుగులో కీర్తన పాడారు. మూడో ఏటి నుంచి డాట్ మా పక్కనే కూర్చుని చేత్తో తినేది. పెద్ద పెద్ద చోట్లు చాలా చూశాను గానీ, ఇది మేం గెలుచుకున్న చోటు అని నేను అనగలిగింది అదొక్కటే. ఇలాంటి పాత బేస్‌లలో మీవాళ్ళ కోసం వండాలని వెళ్తుంటే ఒక్క మాట: ఎసరు పోసేముందు కాగుని ఒకసారి ఊపి చూడండి.