నీలం, చిన్న పూలు

మా వీధిలో ఆవిడను అందరూ బొంతలక్క అంటారు. ఆవిడ కంటే పదేళ్ళు పెద్దవాళ్ళూ అక్క అనే అంటారు. ఆవిడ భర్త కూడా ఎవరితోనో మాట్లాడుతూ ‘మా బొంతలక్క’ అనేసి నాలిక కరుచుకున్న సందర్భం ఒకటుంది. ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ చేస్తున్న పని ఒక్కటే. జనం తెచ్చిన పాతబట్టలను ముక్కలుగా కోసి, ఆ ముక్కలను అతికి, లోపల దూది పరిచి, బొంతగా కుట్టి మళ్ళీ వాళ్ళ చేతుల్లోనే పెడుతుంది. కొత్త గుడ్డతో కుట్టమంటే మాత్రం కుట్టదు. "కొత్తవాటికి దుకాణాలున్నాయి కదమ్మా, నేనెందుకు?" అంటుంది.

ఆవిడ దగ్గరికి వచ్చేవి మామూలు పాతబట్టలు కావు. పిల్లలకు పొట్టివైపోయిన చొక్కాలు, బడి మానేసిన నాటి యూనిఫారాలు, అన్నింటికంటే ఎక్కువగా పోయినవాళ్ళ బట్టలు. పారేయడానికి చేతులు రావు, తొడుక్కోవడానికి మనసొప్పదు, బీరువా తలుపు తీసినప్పుడల్లా గుండె గతుక్కుమంటుంది. అలాంటివన్నీ మూటగట్టి ఆవిడ గుమ్మంలో దించి, బరువు దిగినట్టు ఊపిరి పీల్చుకుని వెళ్తారు. ఆ బరువు అప్పటినుంచి ఆవిడది.

ఇంత ఘనమైన పరిశ్రమకు ఆ ఇంట్లో గది లేదు. కుట్టుమిషను వంటింటి తలుపు వెనక ఉండేది. తలుపు మూస్తేనే కుట్టు, తీస్తేనే వంట. కత్తెర ఖాళీ పిండిడబ్బాలో, దారాలు మందుల పెట్టెలో, మందులు ఎక్కడో. మూటలు మంచం కింద, బీరువా మీద, ఉన్న ఒక్క కుర్చీలో. చుట్టాలు వస్తే నిలబడే మాట్లాడి వెళ్ళేవారు. అందువల్లే కాబోలు, ఆవిడకు చుట్టాలతో ఏనాడూ మాటామాటా పెరగలేదు.

అయితే ఆ గందరగోళానికి ఒక శాస్త్రం ఉంది. మూట రాగానే అందులోని ఏదో ఒక బట్ట అంచు నుంచి పీలిక చింపి, దానితోనే మూట కట్టేది. ఆ పీలికే మూటకు పేరు. కుట్టడం మొదలుపెట్టే రోజు వరకు ఆ ముడి విప్పదు. "ముందే చూస్తే వాళ్ళ దుఃఖం పాతబడిపోతుంది, కుట్టేటప్పుడు చెయ్యి సాగదు" అనేది. కుట్టగా మిగిలిన ముక్కలను కూడా పారేయదు. ఏ బొంతైనా చిరిగి తిరిగొస్తే దాని ముక్కతోనే మాసిక వేయాలి కదా. అవి మరో పెద్ద మూట. ఇవి కాక ఆవిడ సొంత పాతబట్టల మూట ఒకటుంది. ఎప్పటికైనా తనకూ ఒక బొంత కుట్టుకుందామని పదకొండేళ్ళ కిందట కట్టింది. దాని మీద మూటలు పడుతూనే ఉన్నాయి.

ఆవిడ భర్తను వీధిలో స్టోరుబాబు అంటారు. పంపులు తయారుచేసే ఫ్యాక్టరీ స్టోర్లో ముప్ఫై ఒక్కేళ్ళు పనిచేశాడు. ఏ మర అడిగినా కళ్ళు మూసుకుని "నాలుగో బీరువా, రెండో అర, ఎడమ పక్క" అని చెప్పగల మహానుభావుడు. ఇంట్లో తన చెప్పులెక్కడున్నాయో మాత్రం భార్యను అడిగేవాడు. ఆయన రిటైరైనప్పుడు ఫ్యాక్టరీవాళ్ళు ఒక గోడగడియారం ఇచ్చి పంపారు. చూసుకోవడానికి గడియారం ఉంది, చేయడానికి పని లేదు. మూడు నెలలు వంటింటి తలుపు తీస్తూ మూస్తూ గడిపాడు.

ఆ రోజుల్లోనే వీధి మలుపులో గడియారాలు బాగుచేసే ఆయన ఒక మూట తెచ్చాడు. భార్య పోయి అప్పటికి నలభై రోజులు.

"ఉతకొద్దు చెల్లెమ్మా" అన్నాడు. "అందులో ఇంకా ఆమె ఉంది."

"ఉతకను అన్నయ్యా."

"ఫోటోలంటే ఆమెకు గిట్టేది కాదు. ఉన్నదొక్కటి, పెళ్ళినాటిది, నలుపూ తెలుపూ. ఇక ఇవే."

గోధుమరంగు గళ్ళ బట్ట అంచు చింపి బొంతలక్క ఆ మూట కట్టింది. చలి మొదలయ్యేలోగా ఇస్తానంది.

ఈలోగా ఆవిడ చెల్లెలికి కడుపు ఆపరేషన్ అయింది. సాయానికి వెళ్ళి పన్నెండు రోజులు ఉండిపోయింది. ముప్ఫై ఒక్కేళ్ళ అనుభవానికి చరిత్ర ఇచ్చిన అవకాశం ఆ పన్నెండు రోజులు.

ఆవిడ తిరిగొచ్చేసరికి, విరిగిన సైకిలూ పాత పరుపూ ఉండే వెనక గదికి తలుపు రంగు మారి ఉంది. గుమ్మానికి అడ్డంగా ఒక రిబ్బను కట్టి ఉంది. స్టోరుబాబు ఇస్త్రీ చొక్కా వేసుకుని, పళ్ళెంలో కత్తెర పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇదిగో, నీ చేత్తో కత్తిరించు. ఇక నుంచి ఇది నీ కుట్టుగది."

ఆవిడకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇరవై ఆరేళ్ళలో ఆయన ఆవిడ కోసం మేకు కొట్టిన పాపాన పోలేదు. కత్తెర అందుకుని రిబ్బను పట్టుకుంది. అది రిబ్బను కాదు. పసుపు పీలిక, దానికి ముడివేసి తెల్ల పీలిక, ఆ తర్వాత ముదురాకుపచ్చ, ఆ తర్వాత గోధుమరంగు గళ్ళు.

"ఈ పీలికలు ఎక్కడివండీ?"

"మూటలవే. ఊరికే పోతాయి కదా అని కలిపి కట్టాను. మన స్టోర్లో వృథా అన్న మాటే లేదు."

"మరి మూటలు?"

"ఇంకా మూటలేమిటి? ఆ దరిద్రం వదిలింది. కానీయ్, కత్తిరించు."

ఆవిడ కత్తిరించలేదు. రిబ్బను కిందనుంచి వంగి లోపలికి వెళ్ళింది.

నిజం చెప్పాలి, గది ముచ్చటగా ఉంది. కిటికీ దగ్గర మిషను. గోడకు చెక్క, చెక్కకు మేకులు, ప్రతి మేకు కింద అక్కడ తగిలించవలసిన కత్తెరకు పెన్సిల్‌తో గీసిన బొమ్మ. దారాలు ఇంద్రధనుస్సు వరసలో. రెండు గోడల నిండా అరలు, అరల్లో ముప్ఫై రెండు అట్టపెట్టెలు, ప్రతి పెట్టె మీదా ముత్యాల్లాంటి అక్షరాలు: ‘ఎరుపు, చారలు’, ‘తెలుపు, ఉత్తది’, ‘పసుపు, బాతులు’. ఆవిడ ఒక పెట్టె తీసింది. లోపల బట్టలు లేవు. ఆరంగుళాల చదరాలు, అంచుకు అంచు, పేకముక్కల దొంతరలా ఉన్నాయి.

"నువ్వు ఆరంగుళాలే కోస్తావు కదా" అన్నాడాయన వెనకనుంచి. "కొలిచి మరీ కోశాను, నూలుపోగు తేడా రాదు. నీకు ఆరునెలల పని తప్పింది. రంగు చెప్పు, కళ్ళు మూసుకుని తీసిస్తాను."

"అన్నీ కోశారా?"

"అన్నీ. ముందు మూడు నీళ్ళలో జాడించాను. కొన్ని మరీ వాసన వేస్తున్నాయి."

ఆవిడ మిషను ముందు కొత్త కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీ కూడా సరిగ్గా ఆవిడ ఎత్తుకు కోయించిందే. చాలాసేపటికి, ఎవరివి ఏవో ఇక తెలియవని ఆయనకు చెప్పింది. గొంతు పెంచలేదు. ఆయన రిజిస్టరు తెరిచాడు, మూశాడు. అందులో రంగు ఉంది, రకం ఉంది, ముక్కల సంఖ్య ఉంది. ఎవరివి అన్న గడి లేదు.

"నాకు ముందే చెప్పొచ్చుగా" అన్నాడు చివరికి.

"ఏమని? మూటలు విప్పొద్దనా? ఇరవై ఆరేళ్ళలో మీరు వాటి వంక చూస్తారని నేననుకోలేదు."

మర్నాటినుంచి మూటలిచ్చినవాళ్ళను ఒక్కొక్కరినే పిలిచారు. పక్కింటి పిన్నిగారు ముందుగా వచ్చి, మనవడి చొక్కాల ముక్కలు పది నిమిషాల్లో ఏరుకుంది.

"నిన్నగాక మొన్న పాకిన పిల్లాడయ్యా, వాణ్ణి పట్టుకుని ‘పసుపు, బాతులు’ అని రాస్తావా?" అంది స్టోరుబాబుతో. "మీ ఆవిడ ఓర్పు ఏ పెట్టెలో పెట్టావో చూడు, అడుగంటి ఉంటుంది."

యూనిఫారాలవాళ్ళు తేలిగ్గానే తేల్చుకున్నారు. ఒకరు ఇల్లు మారి ఎక్కడికో వెళ్ళిపోయారు, వాళ్ళ ముక్కలు అలాగే ఉండిపోయాయి. వాటితోపాటు పాత బొంతల మిగుళ్ళు, ఆవిడ సొంతవి, గడియారాలాయనవి. తన బట్టలు ఏరుకుని పక్కన పెట్టుకోవాలని బొంతలక్కకు తోచలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి ఆవిడా అడగలేదు. పీలికను బట్టి గోధుమరంగు గళ్ళు మాత్రం గడియారాలాయనవని తేలింది. అవి తొమ్మిది చదరాలు. బొంతకు కావలసినవి తొంభై ఆరు.

ఆయన మంగళవారం ఉదయం దుకాణం మూసి వచ్చాడు. జరిగింది విని, కాసేపు గోడ మీది కత్తెర బొమ్మను చూశాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని బొంతలక్క ఆ తర్వాత అనుకుంది.

"ఉతికేశారన్నమాట" అన్నాడు. "సరేలే. చూపించండి, పోల్చుకుంటాను."

జేబులోంచి కంటికి తగిలించుకునే భూతద్దం తీసి పెట్టుకున్నాడు. ముల్లు మొన మీద దుమ్ము కనిపెట్టే కన్ను అది. ఒక్కో చదరాన్నీ వెలుగుకు పట్టి చూశాడు. ఇది మిషను కుట్టు అన్నాడు, ఇది చేతి కుట్టు అన్నాడు, ఈ దారం ఒకసారి తెగి మళ్ళీ వేశారు అన్నాడు. అన్నీ నిజమే. ఆమెదా అంటే మాత్రం మాట లేదు.

"ఆవిడ ఏ రంగు కట్టేవారో చెప్పండి బావగారూ, పెట్టె దించుతాను" అన్నాడు స్టోరుబాబు.

"రంగంటే... మామూలు రంగే బావగారూ."

ముప్ఫై రెండు పెట్టెల్లో ‘మామూలు రంగు’ అన్నది ఒక్కటీ లేదు.

గడియారాలాయన భూతద్దం తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఒక్కసారి నా చేతికొచ్చిన గడియారాన్ని పదేళ్ళ తర్వాతైనా పోలుస్తాను చెల్లెమ్మా, వెనక మూత మీది గీతను బట్టి. ఆమెకు ఎదురుగా కూర్చుని ముప్ఫై నాలుగేళ్ళు తిన్నాను. ఏం వేసుకునేదో తెలియడం లేదు."

ఆయన మళ్ళీ ముక్కలు తిరగేయసాగాడు, ఈసారి భూతద్దం లేకుండానే. ఒక చదరం దగ్గర చెయ్యి ఆగింది. నీలం మీద తెల్లటి చిన్న పూలు. ఒక మూలన మాత్రం నీలం ఇంకా వెలవలేదు. అక్కడ ఏదో జేబు ఉండి, విప్పేసిన గుర్తు.

"ఇదే" అన్నాడు.

బొంతలక్క ఆ ముక్క వంక చూసింది.

"ఇది ఆమె ఇంట్లో వేసుకునే గౌనే. ఈ జేబులో తాళాలు వేసుకునేది. నేను దుకాణానికి వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి, జేబులో చెయ్యి పెట్టుకుని... ఆ చప్పుడు కూడా జ్ఞాపకం వస్తోంది." ఆయన ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది. చదరాన్ని చెంపకు ఆనించుకున్నాడు.

ఆ జేబులో తాళాలు ఎన్నడూ లేవు. అందులో ఉండేది గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్క. బొంతలక్క దాన్ని తన గౌనుకు తానే కుట్టుకుంది, ఏడేళ్ళపాటు ఆ గౌను తొడుక్కునే వంటింటి తలుపు వెనక కూర్చుంది. ఆవిడ తలెత్తి భర్త వైపు చూసింది. ఆయన చేతుల మీదుగానే కదా అది ఉతుకు పడింది, కోతా పడింది. ఇప్పుడైనా ఒక్క మాట అంటాడేమోనని చూసింది.

స్టోరుబాబు రిజిస్టరులో వేలు పెట్టి వరస వెతుకుతున్నాడు. ఆయన ముఖం కూడా చాలా రోజుల తర్వాత వెలిగింది.

"దొరికింది. నీలం, చిన్న పూలు, మొత్తం ఇరవై రెండు. అన్నీ మీవే బావగారూ, తీసుకోండి." తర్వాత భార్య వైపు తిరిగి, "చూశావా, ఎంత పొందిగ్గా వాడుకుందో ఆవిడ" అన్నాడు.

"చూశానండీ" అంది బొంతలక్క.

ఆ తర్వాత గడియారాలాయనకు ధైర్యం వచ్చింది. తక్కినవన్నీ గంటలో ఏరాడు. వాటిలో ఎవరెవరివి ఉన్నాయో బొంతలక్క చూడదలచుకోలేదు. ఆయన కోరినట్టే, జేబు గుర్తున్న చదరాన్ని సరిగ్గా మధ్యలో వేసి, పదమూడు రోజుల్లో కుట్టి ఇచ్చింది. చలి మొదలవలేదింకా. ఆయన బొంతను రెండు చేతులమీదా మోసుకుంటూ వెళ్ళాడు. ఇప్పుడది దుకాణంలో ఆయన కూర్చునే స్టూలు వెనక మడత పెట్టి ఉంటుంది. పని మధ్యలో చెయ్యి వెనక్కి పోనిచ్చి, ఆ మూలను ఒకసారి తడుముకుంటాడు.

అది ఇచ్చిన రోజు స్టోరుబాబు రిజిస్టరు తీసి, ‘నీలం, చిన్న పూలు’ అన్న వరసకు ఎదురుగా ‘నిల్వ లేదు’ అని రాశాడు. కలం మూత పెడుతూ అడిగాడు:

"ఈ రకం మళ్ళీ ఎక్కడైనా దొరుకుతుందంటావా? పెట్టె ఖాళీగా ఉంది."

"దొరకదండీ" అని ఆవిడ మిషను వైపు తిరిగింది. గదిలో వెలుతురు బాగా వస్తోంది.