మూడో ఆదివారం చెప్పిన అభ్యంతరం

ముప్పై ఏళ్లు దాటేవరకు నేను ఒక గదిలో ఒక్కదాన్నే పడుకున్నది లేదు. పెళ్లయిన రెండేళ్లకే మా ఆయన పోయాడు. అప్పటినుంచి రేపల్లె దగ్గర అన్నయ్య ఇంట్లోనే ఉండేదాన్ని. పంచలో చాప మీద అటు ఇద్దరు పిల్లలు, ఇటు ఇద్దరు పిల్లలు. పక్కకు తిరగాలంటే ఎవరిదో ఒక కాలు తీసి పెట్టాలి. ఎవరూ నన్ను కొట్టలేదు, తిండికి లోటు చెయ్యలేదు. పొలానికి వెళితే పదిమంది, తిరిగొస్తే పదిమంది. నాట్లు ముగిసి అందరూ గట్టెక్కాక, కాళ్లు కడుక్కునే నెపంతో కాలవలో కాసేపు ఉండిపోయేదాన్ని. ఆ కాసేపట్లో ఒంట్లో ఏదో వదులయ్యేది. ఎవరో పిలవగానే మళ్లీ బిగుసుకుపోయేది.

ఎనభైల చివర్లో ఒకరోజు అన్నయ్య ఒక కాగితం తెచ్చి వేలిముద్ర వెయ్యమన్నాడు. ఆయన చూపించిన చోట వేలు నొక్కడం నాకు అలవాటు. ఏమిటని అడగలేదు. ఆ తప్పు నాదే. ఆ ఆదివారం గుడిలో ప్రకటనలు చదువుతుంటే నా పేరు వినబడింది. మా లూథరన్ క్రైస్తవ సంఘాల్లో పెళ్లి కుదిరితే మూడు ఆదివారాలు వరసగా గుడిలో చదువుతారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఆ మూడోసారికల్లా చెప్పాలి. తెనాలి పక్కన అంగలకుదురులో భార్య పోయిన ఒకాయనతో నాకు పెళ్లి అని పాస్టరు అయ్యగారు చదివారు. నేను వేలు నొక్కింది ఆ పెళ్లికేనని అప్పుడు అర్థమైంది. చాపల మీది ఆడవాళ్లందరూ నావైపు తిరిగి నవ్వారు. ఏం చెయ్యాలో తెలియక నేనూ నవ్వాను.

ఇంటికొచ్చి నాకొద్దంటే, వదిన బియ్యం చెరుగుతూనే అంది, "నీకేం పోయేకాలం అమ్మాయ్? గవర్నమెంటు బడిలో అటెండరు. ఫ్యాను కింద పడుకుంటావు. ఇక్కడ నా పిల్లల కాళ్ల కింద పడుకుంటున్నావు."

అది నిజమే కాబట్టి నాకు నవ్వొచ్చింది. అన్నయ్య నవ్వలేదు. తాను పోయాక నన్ను చూసేదెవరని అడిగాడు. ఆయన దిగులులో కల్తీ లేదు. అదే నన్ను కట్టేసింది. చెడ్డవాళ్లయితే తిట్టి వెళ్లిపోవచ్చు.

రెండో ఆదివారం పెళ్లికొడుకే వచ్చాడు. నెమ్మదైన మనిషి. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, ముగ్గురూ ఆడపిల్లలేనని, వాళ్లకు జడలు వెయ్యడం తనకింకా చేతకావడం లేదని చెప్పాడు. ఆ వారమంతా ఆ జడలే నా కళ్ల ముందు మెదిలాయి. ఆయనలో వంక వెదికాను. దొరకలేదు. దొరికుంటే బాగుండేది. చేలో కలుపు తీస్తూ ఇంకెవరినో, ఇంతకంటే మంచివాణ్ణి, పెళ్లికొడుకుగా ఊహించుకుని చూశాను. ఆయన్నీ వద్దనుకున్నాను. అప్పుడు నాకు భయం వేసింది.

మూడో ఆదివారం అయ్యగారు ప్రకటన చదివి, అభ్యంతరం ఉన్నవారు తెలియజేయవలెనని చెప్పి, ఒక్క ఊపిరి ఆగారు. ఆ కాస్త వ్యవధిలో ఎవరైనా మాట్లాడగా నేనెప్పుడూ చూడలేదు. కాళ్లు తిమ్మిరెక్కి ఉన్నాయి. పక్కామె భుజం పట్టుకుని లేచాను.

"నాకుందండి."

అయ్యగారు కళ్లజోడు పైనుంచి చూశారు. "నిన్ను కాదమ్మా అడిగేది. మిగతావాళ్లని."

మగవాళ్ల వైపు ఎవరో నవ్వారు. నేను కూర్చోలేదు.

ఆరాధన అయ్యాక వెనక గదిలోకి పిలిచారు. అభ్యంతరం కాగితం మీద రాసివ్వాలట. నాకు రాయడం రాదు. అయ్యగారి కింద సంఘం పనులు చూసే ఉపదేశి కలం తీసుకుని కారణం అడిగాడు. ఆయన ఎరిగిన కారణాలు మూడే: మొదటి భార్య బతికి ఉండటం, వరస కుదరకపోవటం, వయసు చాలకపోవటం. ఇవేవీ కాదు కదా, మరింకేంటి అన్నాడు. అన్నయ్య గోడకు ఆనుకుని నేలచూపులు చూస్తున్నాడు. పెళ్లికొడుకుకు వేరే ఎవరో ఉన్నారని నేనంటే చాలు, అందరూ నమ్మేవారు. ఆ ముగ్గురు పిల్లలు గుర్తొచ్చి ఆ మాట నోటికి రాలేదు.

"ఆయనలో తప్పేం లేదండి. నాకు మగతోడు వద్దు. ఈయనే కాదు, ఎవరూ వద్దు. ఒక్కదాన్నే ఉంటాను. అట్టా రాయండి."

నాకు కావలసింది అదేనని, పైకి అన్నాకే నాకూ తెలిసింది. ఉపదేశి నేను చెప్పినట్టే రాశాడు. చదివించుకుని వేలు నొక్కాను.

అన్నయ్య నన్ను వెళ్లగొట్టలేదు. వదిన అన్నం పెట్టింది. మాటలు మాత్రం ఆగిపోయాయి, ఇల్లు మునుపటికంటే ఇరుకైంది. నెల తిరక్కుండా బాపట్లలో ఆడపిల్లల హాస్టల్లో వంటపనికి కుదిరాను. సామాన్ల కొట్టు పక్కన ఒక గది ఇచ్చారు. గొళ్లెం పెట్టుకుంటే తలుపు కొట్టి, ఒంట్లో బాగాలేదా అని అడిగేవారు. ఒంటరి ఆడది తలుపు వేసుకుందంటే లోపల జబ్బయినా ఉండాలి, మగాడైనా ఉండాలి. మధ్యాహ్నాలు హాస్టల్ పిల్లలు నాకు అక్షరాలు దిద్దించింది ఆ గదిలోనే.

తొంభైలలో ఒకసారి అన్నయ్య వచ్చాడు. వదినకు ఆపరేషన్ అయిందని, ఇంటికొచ్చెయ్యమని గుమ్మంలో నిలబడే చెప్పాడు. నా చేతులు వాటంతటవే చీరలు మడతపెట్టసాగాయి. నెలరోజులు ఉంటానన్నాను. నాలుగు నెలలు రాలేకపోయాను. మళ్లీ అదే పంచ, అదే చాప. అడిగినవాళ్లందరికీ వచ్చేవారం వెళతానని చెప్పి, ఆ వారం వచ్చేసరికి ఏదో ఒక పని చూసుకుని ఆగిపోయేదాన్ని. నన్నెవరూ పట్టుకుని ఆపలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

వదిన లేచి తిరుగుతున్న ఒక ఉదయం, అందరూ చూస్తుండగానే సంచి సర్దాను.

"పో, నీకు మనుషులెందుకులే," అంది వదిన.

సంచి భుజాన వేసుకుని గడప దాటాను. బాపట్ల బస్సు చెరుకుపల్లి చేరేదాకా ఏడుస్తూనే ఉన్నాను. దిగి వెనక్కి వెళదామని మాత్రం అనిపించలేదు.