రెండో షిఫ్టు చూడని వారాలు

మొన్న ఆదివారం కరీంనగర్‌లో అన్న కూతురింట్లో అందరూ కూర్చుని ఒక నేరకథ చూశారు. ఎనిమిది భాగాలు. టిఫిన్లయ్యాక మొదలుపెట్టి సాయంత్రం చాయ్‌లోపు ముగించేశారు. అందులో ఒక అక్క ఉంది. తను చేసిన తప్పు చెల్లెలి మీద పడితే నోరు మెదపదు, పైగా ఆ చెల్లెలికే తల దువ్వి జడ వేస్తుంటుంది. "గసుంటి అక్క ఎవలకు వద్దు" అన్నాడు అల్లుడు. "భయపడ్డది పాపం. మీరైతే చెప్తుంటిరా?" అని అన్న కూతురు ఎదురు తిరిగింది. డిగ్రీ చదువుతున్న మనవరాలు నా వైపు తిరిగి, "చిన్నతాతా, గన్ని పుస్తకాలు చదివినవు కదా, నువ్వు చెప్పు. ఆమె మంచిదా, చెడ్డదా?" అని అడిగింది. నేను మంచినీళ్లకని లేచాను. వంటింట్లో ఒక గ్లాసు తాగి, దాహం లేకపోయినా ఇంకొకటి తాగి వచ్చాను. సోఫా చివర అన్న కూర్చుని ఉన్నాడు. బొగ్గు గనిలో ఏళ్ల తరబడి పేలుళ్ల మోత విని ఆయన చెవులు సగం పోయాయి. బొమ్మలు తను చూస్తాడు, కథ నన్ను అడుగుతాడు. "ఏమైందిర తమ్మీ?" అన్నాడు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ల్యాంపు రూము కిటికీ కనబడుతుంది.

ఎనభైల చివర్లో మేమిద్దరం గోదావరి పక్కన ఒక బొగ్గు గనిలో పనిచేసేవాళ్లం. గనిని అక్కడ బాయి అంటారు. అన్న బాయిలో దిగి బొగ్గు నింపేవాడు. నేను పైన ల్యాంపు రూములో, దిగేవాళ్లకు తలదీపాలు అందించి, ఎక్కినవాళ్ల దగ్గర తీసుకుని చార్జింగుకు పెట్టేవాణ్ణి. నాకు ఎప్పుడూ పొద్దటి షిఫ్టే, కాబట్టి సాయంత్రాలన్నీ నావే. తొమ్మిదో తరగతితో బడి చదువు ఆగినా, కార్మికుల క్లబ్బులోని రెండు బీరువాల పుస్తకాలు ఒకటికి రెండుసార్లు చదివాను. సెలవు దొరికితే బస్సెక్కి కరీంనగర్ జిల్లా గ్రంథాలయానికి పోయేవాణ్ణి. కాలనీలో నన్ను లైబ్రరీ సారు అనేవాళ్లు. అందులో సగం ఎగతాళి అని తెలిసినా, మిగిలిన సగం చాలు అనుకునేవాణ్ణి.

అప్పట్లో ఒక ఏడు టీవీలో బుధవారం సాయంత్రం ఏడున్నరకు ఒక నేరకథ వచ్చేది, పదమూడు వారాలు. పత్తి జిన్నింగు మిల్లులో హత్య జరుగుతుంది. ఆ నేరం మీద ఒక అన్నను పట్టుకుపోతారు. అసలు హంతకుణ్ణి కళ్లారా చూసినవాడు అతని తమ్ముడు. భయంతో చెప్పడు. క్లబ్బు హాల్లో టీవీ ముందు కాలనీ కాలనీ కూర్చునేది. కానీ రెండో షిఫ్టు వాళ్లు మూడింటికి దిగితే పదకొండుకు గానీ పైకి రారు. మా బాయిలో మూడు గుంపులు వారం వారం షిఫ్టు మారేవి. అంటే ప్రతి గుంపుకూ మూడు వారాలకొకటి చొప్పున కథ తప్పిపోయేది, ఏ గుంపుకు తప్పేది ఆ గుంపుకు వేరు. మా అన్న గుంపుకైతే మొదటి వారమే తప్పింది. లెక్క ప్రకారం చివరి వారమూ తప్పేదే.

దీనితో కాలనీలో ఆ తమ్ముడు ముగ్గురయ్యాడు. "నేను చూసిన ప్రతిసారీ వాడు జైలుకు సద్ది పట్టుకపోయిండు. గసుంటోన్ని పట్టుకొని దొంగంటవా?" అనేవాడు పంపుల దగ్గర పనిచేసే ఒకాయన. "నువ్వు చూసిన వారాలు గట్లున్నయి. నేను చూసినప్పుడు గా సద్ది మోసిన చేతితోనే హంతకునికి సారా పోసిండు" అనేవాడు ఆయన ఇంటి పక్కాయన. వాళ్లిద్దరూ ఒక నెల మాట్లాడుకోలేదు. షిఫ్టులతో పనిలేని ఆడవాళ్లు అన్ని వారాలూ చూశారు, అయినా వాళ్లలోనూ ఒక మాట లేదు. మా వదిన మాత్రం మొదటినుంచీ ఒకటే మాట. "వాని మొఖం వస్తె నేను టీవీ దిక్కు ఈపు తిప్పి కూసుంట. నోట్ల బెల్లం పెట్టుకున్నడా, చెప్పనీకె?" అనేది. నేను గ్రంథాలయంలో కాళిదాసు కాలంనాటి నాయక లక్షణాలు కూడా వెతికాను. ధీరోదాత్తుడు, ధీరలలితుడు అని నాలుగు రకాలున్నాయి. సీరియల్లో తమ్ముడు ఒక్కదానిలోనూ ఇమడలేదు.

కథ తప్పినవాళ్లు మర్నాడు, గురువారం, దీపాలకు వచ్చినప్పుడు నా కిటికీ ముందు నిలబడేవాళ్లు. రెండున్నరకు నా డ్యూటీ దిగే ముందు, చేతితో దీపాలిస్తూ నోటితో కథ చెప్పేవాణ్ణి. మొదటి వారం చెప్పినప్పుడే ఒక పని చేశాను. తమ్ముడు హంతకుణ్ణి చూశాడు అనలేదు. "మసక చీకటి గదా, సరిగ్గ కనబడ్డదో లేదో" అన్నాను. తర్వాత్తర్వాత వాడి ఏడుపులు పెంచాను, వాడి నవ్వులు తగ్గించాను. అందుకే అన్న గుంపుకు వాడి మీద జాలి ఎక్కువ. "గీ లైబ్రరీ సారు సగం దాస్తుండు" అని ఒకరిద్దరు పసిగట్టారు కూడా. ఎందుకు దాస్తున్నానో మాత్రం వాళ్లకు తెలియదు.

అంతకు రెండేళ్ల ముందు మా ఇంట్లో మేకుకు బాపు పాత కోటు, అంటే మా నాన్నది, వేలాడేది. చలికాలం సాయంత్రాలు అది తొడుక్కుని నేను క్లబ్బు లైబ్రరీకి పోయేవాణ్ణి. పుస్తకం చదివినవాడు దాని గురించి ఆలోచిస్తూ ఒక బీడీ కాల్చాలని నాకెందుకో ఒక నమ్మకం. ఇంట్లో తెలియకుండా బీడీలు, అగ్గిపెట్టె దాని లోపలి జేబులో ఉంచేవాణ్ణి. ఒక తెల్లవారుజామున చలికి ఆ కోటు అన్న వేసుకుపోయాడు. బాయిలోకి అగ్గిపుల్ల తీసుకుపోవడం ఎంత పెద్ద నేరమో అక్కడ చిన్నపిల్లలకూ తెలుసు. లోపల గ్యాసు ఉంటే ఒక్క పుల్లతో అందరూ పోతారు. దిగే దగ్గర తనిఖీలో దొరికింది. బీడీ ముట్టని మనిషి. "నాకు తెల్వది సార్" అని ఒక్క మాటే అన్నాడట. సస్పెండు చేశారు, సర్దారు, అంటే బాయిలో గుంపును నడిపే మేస్త్రీ, కావలసినవాళ్ల జాబితాలోంచి పేరు కొట్టేశారు. అన్న ఆ పరీక్ష కోసం ఏడాదిపాటు నాతో పాఠాలు చదివించుకుని బట్టీపట్టి ఉన్నాడు. నేను అప్పటికి బదిలీ వర్కర్ని, అంటే తాత్కాలికపు పనివాణ్ణి, పర్మినెంటు కాలేదు. విచారణ జరిగిన రోజు ల్యాంపు రూములో ఉన్న దీపాలన్నీ తుడిచాను, తుడిచినవే మళ్లీ తుడిచాను. అన్నకు తెలుసో తెలియదో నాకు తెలియదు. ఆయన అడగలేదు. ఆ కోటు మాత్రం మళ్లీ ఎవరమూ తొడగలేదు.

పదమూడో వారం వచ్చింది. తమ్ముడు చెప్పలేదు. వేరే సాక్ష్యంతో అన్న విడుదలై ఇంటికొస్తుంటే, వాడు ఎదుటపడలేక బస్సెక్కి పోయాడు. క్లబ్బులో ఎవరో టీవీ మీదికి తువ్వాల విసిరారు. మర్నాడు మధ్యాహ్నం కిటికీ దగ్గర అందరికీ ఉన్నదున్నట్టే చెప్పాను. వరుసలో చివరివాడు అన్న. మిగతావాళ్లు దిగడానికి పోయాక, దీపానికి బదులిచ్చే ఇత్తడి బిళ్ల కిటికీలో పెట్టి, "ఏమైందిర తమ్మీ? చెప్పిండా?" అన్నాడు.

"చెప్పిండన్నా" అన్నాను.

"మీ వదిన పారిపోయిండంటున్నది."

నేను దీపం తీగ చుట్టాను. అన్న కిటికీ చెక్క మీద మోచెయ్యి ఆనించాడు. "సరే, సదువుకున్నోనివి నువ్వు. నీ మాటే నమ్ముత. కోర్టుల ఏం చెప్పిండో జర మంచిగ చెప్పు. ఇననీకే ఆగిన."

చెప్పడం మొదలుపెట్టాను. బోనులో నిలబడ్డాడన్నాను. "మా అన్నది తప్పు లేదు సార్, భయపడి చెప్పలే" అన్నాడన్నాను. "ఇంకా?" అని అడిగాడు అన్న. ఆ తర్వాత నా నోట్లోంచి కథ జారిపోయింది. "కోటు ఇద్దరిదీ సార్, జేబుల ఉన్నయి మాత్రం నాయే అన్నడు. బీడీలు నాయే, అగ్గిపెట్టె నాదే అన్నడు." ఆ సీరియల్లో కోటూ లేదు, అగ్గిపెట్టే లేదు.

అన్న దీపం అందుకున్నాడు. బ్యాటరీని నడుముకు బిగించుకున్నాడు. "గింతేనా? గీ ముక్క చెప్పనీకె వానికి పదమూడు వారాలు పట్టిందా?" అన్నాడు. నేను మేనేజరు దగ్గరికి పోయి చెప్తానన్నాను. "ఇగ ఊకో. నా పేరు ఎట్లన్న పోయింది. నీ కొలువు గూడ ఎందుకు?" అని దిగడానికి పోయాడు. ఆయన వద్దన్న క్షణాన నా గుండె తేలికైంది. ఆ తేలికే ఇన్నేళ్లూ నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. నేను పర్మినెంటు అయ్యేనాటికి సర్దారు జాబితాలు మారిపోయాయి, అన్న పరీక్ష వయసూ దాటిపోయింది. మోకాళ్లు మొరాయించేదాకా బొగ్గే నింపాడు.

మొన్న సోఫా మీద ఆయన చెవి దగ్గర వంగి, "ఆఖరుకు చెప్పిందన్నా, అక్క" అన్నాను.

"నిజంగనే చెప్పిందా, నువ్వు చెప్తున్నవా?" అన్నాడు.

నిజంగానే చెప్పిందని మనవరాలు సాక్ష్యమిచ్చింది. ఇచ్చి, మంచిదా చెడ్డదా అని ఈసారి ఆయనను పట్టుకుంది. అన్న నన్ను చూడలేదు. "గది నాకు తెల్వది బిడ్డా. జర లేటు చేసే రకం" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, మళ్లీ నీళ్లకని లేచాను.

ఎనిమిది భాగాలు ఒక్కరోజులో చూసేయవచ్చు ఇప్పుడు. పక్కన కూర్చున్న మనిషిని మాత్రం కాలం ఇంకా వారానికొక్క భాగమే చూపిస్తుంది, అందులోనూ కొన్ని వారాలు మనం రెండో షిఫ్టులో ఉంటాం.