కారు ముందు ఆడని తప్పెటగుళ్లు

సాలూరు బజారులో లారీలకు తాళ్లు, టార్పాలిన్లు అమ్మే కొట్టు ఒకటుంది. పేరుకు జగన్నాధానిదే కానీ, గల్లాపెట్టె ముందు కూర్చునేది ఆయన భార్య కన్యాకుమారి. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఊరి కళాసమితిలో ఆడమనిషి ఒక్కరైనా లేకపోతే బాగుండదని ఆవిణ్ణి కార్యవర్గంలోకి తీసుకున్నారు. తీసుకున్నాక ఇచ్చిన పని మాత్రం శాలువాల పళ్లెం పట్టుకుని నిలబడడమే.

2015 ఎండాకాలంలో సమితి వార్షికోత్సవానికి ‘మన వారసత్వ కళలు’ అని పెద్ద బ్యానరు కట్టారు. లారీల యజమాని భీమశంకరరావు అధ్యక్షుడు. ఆయన పిలుపు మీద పక్క ఊరి కూర్మయ్య తన తప్పెటగుళ్ల దళంతో పొద్దున్నే దిగాడు. రొమ్ముకు తప్పెట, కాళ్లకు గజ్జెలు కట్టుకుని అందరూ రోడ్డు పక్కనే నిలబడ్డారు. మిట్టమధ్యాహ్నం కావస్తున్నా ముఖ్య అతిథి కారు జాడ లేదు. కన్యాకుమారి మజ్జిగ బిందె తీసుకుని వాళ్ల దగ్గరికి వెళ్లింది.

“మీ ఆట ఎప్పుడు కూర్మయ్యా?”

“మాకు ఆటేటి తల్లీ! కారొస్తే దాని ముందర ఎగురుకుంటూ హాలు దాకా ఎల్లాల. కూడు తిని ఎల్లిపోడమే.”

కన్యాకుమారి తిన్నగా అధ్యక్షుడి దగ్గరికి నడిచింది.

“స్టేజీ మీద వీళ్లకి టైమేదండీ?”

“స్టేజీ మీద సినిమా డాన్సులున్నాయమ్మా. వీళ్లు స్వాగతానికే కదా!”

“వారసత్వమని బ్యానరు కట్టి, ఆ వారసత్వాన్ని ఎండలో నిలబెడతారేటి?”

“నువ్వెళ్లి శాలువాలు సూసుకో” అన్నాడాయన, మొహం తిప్పుకుని.

ఆ మాట ఆవిడకు ములుకులా గుచ్చుకుంది. కానీ కొట్లో సగం గిరాకీ ఆయన లారీలదే. హాలు మెట్ల మీద కాసేపు ఆగిపోయింది. ఎదురుగా కూర్మయ్య, మండే తారు మీద ఒక కాలు మార్చి ఒక కాలు వేస్తున్నాడు. ఇక ఆగలేకపోయింది.

“అందర్నీ తీసుకుని లోపలికి రా కూర్మయ్యా.”

“పెద్దాయన తిడతారేమో తల్లీ.”

“తిడితే నన్ను తిడతారు. నాకూ నోరున్నాది.”

వాళ్లను తీసుకెళ్లి పెద్దల కోసం వేసిన ముందు వరస సోఫాల్లో కూర్చోబెట్టింది. కాసేపటికి కారొచ్చింది. డప్పూ లేదు, చప్పుడూ లేదు. అతిథి వెనకే లోపలికొచ్చిన భీమశంకరరావు సోఫాలు చూసి మండిపడ్డాడు.

“లెగండ్రా!”

వాళ్లు సగం లేచారు. కన్యాకుమారి అడ్డంగా నిలబడింది.

“కూకోండి. ఒక్కలు లెగిసినా నా మీదొట్టే!”

తనే స్టేజీ ఎక్కి, “ముందుగా కూర్మయ్య దళం” అని మైకులో ప్రకటించింది. ఎవరో వైరు పీకేశారు.

“పీకితే పీకండి. తప్పెటకి మైకెందుకు?”

ఆ కేకతో కూర్మయ్య తప్పెట మోగింది. హాలు అదిరింది. ఒకరి భుజాల మీద ఒకరెక్కి, వాయింపు ఆపకుండానే గుండ్రంగా తిరుగుతుంటే, రంగులేసుకుని కూర్చున్న డాన్సు పిల్లలు కూడా లేచి ఈలలేశారు. అతిథి వాచీ చూసుకోలేదు.

తర్వాతి సమావేశంలో చేతులెత్తి ఆవిణ్ణి తీసేశారు. “ఎత్తినోళ్ల మొహాలన్నీ సూసుకున్నాను” అని చెప్పి ఇంటికొచ్చింది. లారీల గిరాకీ పడిపోయింది. జగన్నాధం గొణిగాడు. “తప్పు సేసావని అన్లేదే. ముందే సెప్పుంటే సరుకు తక్కువ తెప్పించుదును కదా!”

మరుసటి ఏడాది సమితి మళ్లీ కబురు పెడితే, స్టేజీ ఇస్తేనే వస్తామన్నాడు కూర్మయ్య. వాళ్లు ఇవ్వలేదు. సరిగ్గా వార్షికోత్సవం రోజునే కన్యాకుమారి బజారులో చందాలు పోగుచేసి, కూర్మయ్య దళాన్ని కొట్టు ముందు రోడ్డు మీదే ఆడించింది. ఆ పై ఏడాదీ అంతే. జనం హాల్లోంచి లేచి ఇటే వచ్చేవారు.

2018లో భీమశంకరరావే కొట్టుకొచ్చాడు.

“ఈసారి స్టేజీ ఇస్తాం. నువ్వూ కమిటీలోకి రా అమ్మా.”

“నన్నెందుకు? వాళ్లనడగండి. గంటకి తక్కువైతే వాళ్లు రారు. కారు ముందర అసలే ఆడరు.”

ఆ ఏడు కూర్మయ్య దళం స్టేజీ మీద గంట దాటి ఆడింది. కన్యాకుమారి మాత్రం సమితిలో మళ్లీ చేరలేదు. ఎవరడిగినా, “నాకిక్కడే బాగున్నాది” అంటుంది.